వెనక బల్లకి వినపడే గిటారు

ఈ గొడవంతా మీత్సా బంగాళాదుంపలు చెక్కు తీస్తూ అన్న ఒక్క మాట వల్ల వచ్చింది. ఆవిడ అన్నది నిజం కాదు. కాదని మేం కాపురముండే బళ్ళ మధ్య తిరిగే కుక్కలక్కూడా తెలుసు. తెలియనివాడు ఒక్కడే, ఆవిడ చిన్నకొడుకు లారో.

ఈస్టర్ వెళ్ళిన వారం. లారో తల్లి బండి మెట్ల మీద కూచుని, ఎప్పుడూ అడిగేదే మళ్ళీ అడిగాడు.

"అమ్మా, ఈ ఆదివారమైనా హోటలుకి రావే. కాసేపు కూచుని వెళ్ళిపోదువుగాని."

మీత్సా దుంప మీంచి తల ఎత్తలేదు. "వచ్చి ఏం చెయ్యనురా? నీ గిటారు వెనక బల్లలకి వినపడదట. గోడలు చూస్తూ కూచోనా? వినపడేలా వాయించు, అప్పుడొస్తాను."

రాను అని మొహం మీద చెప్పలేక అన్న మాట అది. తల్లులు అలాంటివి సవాలక్ష అంటారు. కానీ నలభై దగ్గరపడ్డ మగాడు, ముగ్గురు పిల్లల తండ్రి, ఆ మాట పట్టుకుని కూచున్నాడు. వినపడితే వస్తుంది. అంతేగా? వినపడేలా చేస్తే సరి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మొన్నమొన్నటిదాకా ఆ హోటల్లో పాట నడిపే ముందు కుర్చీ మీత్సా పెద్దకొడుకుది. అతని పేరు చెప్పను. మాలో పోయినవాళ్ళ పేరు ఎత్తం. ఎత్తితే వాళ్ళ నిద్ర చెడగొట్టినట్టే. అతని బండీ, బట్టలూ, గిటారూ, ఆ గిటారు మోత పెంచే డబ్బా, అన్నీ అతను పోయిన వారంలోనే తగలబెట్టేశాం. అతని పాటలు ఎవరూ ముట్టుకోరు. అప్పటిదాకా అన్న వెనక కూచుని ఏళ్ళ తరబడి జాక్ జాక్ మని తాళం కొట్టిన లారో, ముందు కుర్చీలోకి జరిగాడు. ఎవరో ఒకరు జరగాలిగా. ఆ రోజు నుంచి తల్లి హోటలు గుమ్మం తొక్కలేదు. పెద్దకొడుకు ఉన్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం పొయ్యి పక్క బల్ల దగ్గర కూచున్న మనిషి, చిన్నకొడుకుని ఒక్కసారి కూడా ఆ కుర్చీలో చూడలేదు.

నన్ను అక్కడ చూడలేకపోతోంది అనుకోవడం కంటే, నా గిటారు వినపడక రావట్లేదు అనుకోవడం తేలిక కాదూ? లారో తేలికదే అనుకున్నాడు.

"బావా, డబ్బా కొంటున్నా," అన్నాడు ఆ సాయంత్రం కేకెల్‌తో. కేకెల్ లారో మేనత్త కొడుకు. ఇప్పుడు తాళం గిటారు అతనిదే.

"దేనికి? బట్టలు పెట్టుకోడానికా?"

"యాంప్లిఫయర్రా మొద్దూ. దాంతోపాటు గిటారుకి పికప్ కూడా."

"ఇన్నాళ్ళూ నీకు లేనిది ఇప్పుడెందుకురా? గట్టిగా కొట్టు, చాలు."

"గట్టిగానే కొడుతున్నా. నువ్వు పక్కన పిండి రుబ్బుతున్నట్టు కొడుతుంటే దాని కింద పడి నలిగి చస్తోంది."

"అయితే తప్పు నాదన్నమాట," అని కేకెల్ టోపీ సర్దుకున్నాడు. "పద, కొందాం. నీ డబ్బు, నా సలహా."

సెలెస్తా పట్నంలో స్టేషను వెనక సందులో ఓబ్రెక్ట్ కొట్టు ఉంది. ముసలాయన గాజో అయినా మావాళ్ళ మధ్యే ముసలివాడైనవాడు. మేం గాజో అంటే మావాడు కాదని అర్థం, తిట్టు కాదు, తిట్టేటప్పుడు తప్ప. లారో నిక్కర్లేసుకునే రోజుల నుంచీ ఆయనకి తెలుసు.

"ఎలాంటి ధ్వని కావాలి అబ్బాయ్?"

"చెక్క వినపడాలి ఓబ్రెక్ట్ గారూ. కొంచెం గొంతుండాలి. మరీ తియ్యగా వద్దు. కొట్టినప్పుడు కొట్టినట్టుండాలి, కానీ గీరినట్టుండకూడదు."

"ఇలా చెప్తే సాయంత్రమైపోతుంది. ఒక పేరు చెప్పు. ఎవరిలా ఉండాలి? పేరు చెప్తే ఇట్టే తీసిస్తాను."

లారో కేకెల్ వంక చూశాడు. కేకెల్ కొట్టు పైకప్పు వంక చూశాడు.

"ఎవరిలానూ కాదు," అన్నాడు లారో.

ఓబ్రెక్ట్ నిట్టూర్చి, పికప్ అంటూ, గిటారు మీద తీగల్ని మోసే వంతెన చెక్క కింద పెట్టే సన్నటి పట్టీ ఒకటి, చేత్తో పట్టుకుపోయే చిన్న డబ్బా ఒకటీ ఇచ్చాడు. ఈ రోజుల్లో అందరూ ఇదే పెడుతున్నారన్నాడు. కొట్టులో బాగానే ఉంది. కొట్టులో అన్నీ బాగానే ఉంటాయి, అదే వచ్చింది చిక్కు.

ఆదివారం హోటల్లో మొదటి పాట ఎత్తుకున్నాడు. వినపడింది. వెనక బల్లలకే కాదు, రోడ్డు మీదికీ వినపడింది. కానీ ఏం వినపడింది? క్వాక్, క్వాక్, క్వాక్. మావాళ్ళ చెయ్యి మామూలు చెయ్యి కాదు. పుట్టినప్పట్నుంచీ ఏ డబ్బా లేకుండా, ఆరుబయట, నలుగురి మాటల మధ్య వినపడాలని కొట్టిన చెయ్యి. అంత గట్టిగా కొడితే ఆ పట్టీ తట్టుకోలేక ముక్కుతో మాట్లాడింది. ద్రాక్షతోటల రైతు ఒకాయన వడ్డించే అమ్మాయిని పిలిచి, "ఇవాళ బాతు కూర ఉందామ్మా?" అని అడిగాడు. హోటలంతా గొల్లుమంది. నవ్వు ఆపుకోలేక కేకెల్ తాళం తప్పాడు. సొంత బావే అలా నవ్వితే ఎవడికి ఒళ్ళు మండదు?

"నవ్వు, ఇంకా నవ్వు," అన్నాడు లారో పళ్ళు కొరుకుతూ.

"నేనేం చేశాన్రా? గుడ్లు కూడా పెడుతుందేమో కింద చూసుకో."

మర్నాడు ఇద్దరూ మళ్ళీ ఓబ్రెక్ట్ కొట్టులో.

"అంత గట్టిగా ఎందుకు కొడతావయ్యా? డబ్బా ఉందిగా, మెత్తగా వాయించు," అన్నాడు ముసలాయన.

"మెత్తగా వాయిస్తే అది నా చెయ్యి కాదు."

"అయితే నీ చేతికి తగ్గది ఇస్తాను." ఈసారి అయస్కాంతం బిళ్ళ ఒకటి ఇచ్చాడు. తీగల కింద బిగించేది. చెక్కని కాదు, తీగనే వింటుందట. ఆ ఆదివారం అది బాతులా అరవలేదు. కానీ సన్నతీగలు రెండూ చెవులు చిల్లులు పడేలా మోగాయి, మిగతా నాలుగూ పక్కగదిలో ఎవరో గొణుక్కుంటున్నట్టున్నాయి. పైకి పోతే కేక, కిందికి వస్తే గొణుగుడు. పాట మధ్యలో లారో నాలుగుసార్లు లేచి మరలు తిప్పాడు. తిప్పిన కొద్దీ ఎక్కువైంది.

"తీగలు మార్చాలి," అన్నాడు ఓబ్రెక్ట్. "నీ తీగల మీద చుట్టింది వెండిపూత రాగి. అయస్కాంతం ఇనుమునే పట్టించుకుంటుంది. ఇనుప తీగలు వెయ్యి, సరిపోతుంది."

"మా తాతలప్పట్నుంచీ ఇవే తీగలు."

"మీ తాతలు అయస్కాంతం పెట్టారా?"

"తీగలు మార్చను. అయస్కాంతాన్ని మార్చండి!"

"నేను దుకాణం పెట్టుకున్నానయ్యా, దేవుణ్ణి కాదు," అని ముసలాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పడేశాడు.

మూడోది మైకు. శనగగింజంత మైకు గిటారు కడుపులో వేలాడదీశాడు. ఇదైతే చెక్క, ఊపిరి, గోరు, అన్నీ వింటుంది అన్నాడు. విన్నమాట నిజమే. పైగా అన్నిటికంటే పెద్ద డబ్బా. లారో హోటల్లోకి ఆ డబ్బా తెచ్చి, మావాళ్ళు ఎప్పుడూ కూచునేలాగే గుండ్రంగా కుర్చీలు వేసి, మధ్యలో నిప్పు పెట్టుకున్నట్టు దాన్ని పెట్టాడు. మొహం తమ వైపు. మరి మావాళ్ళు వాయించేది ముందు మాకోసం. మేం విన్నాక మిగిలింది గాజోలు వింటారు. చిన్నప్పట్నుంచీ అలాగే కూచున్నాం.

డబ్బాలోంచి వచ్చిన ధ్వని తిరిగి గిటారు కడుపులోకి, అక్కణ్ణించి మైకులోకి, మళ్ళీ డబ్బాలోకి. అలా తిరిగి తిరిగి ఒక్కసారిగా ఊళ వేసింది. ఊళంటే అలాంటిలాంటిది కాదు. ఒకావిడ చేతిలో సూపు గిన్నె జారిపోయింది. వంటింట్లోంచి హోటలు యజమానురాలు గరిటెతో పరిగెత్తుకొచ్చింది. లారో గిటారుని వాటేసుకుని దాని నోరు మూశాడు. అయినా ఊళ. చివరికి కేకెల్ గోడ దగ్గరికి పోయి కరెంటు తీగ లాగేశాడు.

"డబ్బా మొహం మీవైపు పెట్టారా?" మర్నాడు ఓబ్రెక్ట్ తల పట్టుకున్నాడు. "నా జన్మలో చూళ్ళేదు. జనం వైపు తిప్పాలయ్యా!"

"తిప్పితే మాకెలా వినపడుతుంది?"

"ముందు మేం వినాలి," అన్నాడు కేకెల్ గంభీరంగా, ఏదో న్యాయం చెప్తున్నట్టు.

ఇలా వసంతమంతా పోయింది. లారో కాళ్ళకి బలపం కట్టుకుని సెలెస్తాకీ హోటలుకీ తిరిగాడు. బండి నిండా తీగలూ, డబ్బాలూ. అతని పెళ్ళాం రోజెట్ వాటిని దాటుకుంటూ వంట చేసి చేసి విసిగిపోయింది. పిల్లలు ఊళ ఎలా వేసిందో వేసి చూపిస్తుంటే తన్నడానికి కూడా లారోకి ఓపిక లేదు. ప్రతి సోమవారం తల్లి మెట్ల దగ్గరికి పోవడం మాత్రం మానలేదు.

"ఈసారి వస్తావా?"

"సూపు గిన్నె పగిలిందటగా," అనేది మీత్సా. లేకపోతే, "బాతులు అరిచాయటగా." అన్ని కబుర్లూ ఆవిడకి చేరేవి. చేరాక ఒక మాట కలిపేది, "ముందు సరిచేసుకో నాన్నా. తొందరేముంది?"

ఒకరోజు రోజెట్ ఉండబట్టలేక అనేసింది. "నీకు నిజంగా అర్థం కాదా? మీ అమ్మ రానిది వినపడక కాదు."

"మరి?"

"నన్ను చెప్పమంటావా?"

"చెప్పు! నీకంత తెలిస్తే చెప్పు!"

రోజెట్ నోరు తెరిచింది, మూసుకుంది. చెప్పాలంటే ఎవరి గురించి చెప్పాలో అందరికీ తెలుసు. ఆ మనిషి గురించి మాట్లాడరు. "ఏం లేదు. ఆ డబ్బా నా పొయ్యి దగ్గర్నుంచి తియ్యి," అంది.

లారో కాలితో తన్నాడు డబ్బాని. బొటనవేలు వాచింది. ఆ కోపం కూడా ఓబ్రెక్ట్ మీదికే పోయింది.

ఆ వారం లారో కొట్టుకి పోయి, "మీ దగ్గర పనికొచ్చేది ఒక్కటీ లేదు," అని మొదలెట్టేసరికి ముసలాయనకీ సహనం చచ్చిపోయింది. "కూచో," అన్నాడు. "ఏదీ తగిలించకు. ఊరికే వాయించు. నీ నోటితో చెప్పలేంది నీ చేత్తోనైనా చెప్పు."

లారో వాయించాడు. ముసలాయన కళ్ళు మూసుకుని విన్నాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత లేచి, వెనక గదిలోకి పోయి, సామాన్లు జరిపిన చప్పుడు చేసి, గుడ్డ కప్పిన పాత డబ్బా ఒకటి రెండు చేతులా మోసుకొచ్చాడు. లోపల బల్బులు వెలిగే రకం, పాతకాలంది. దాని మీద, మావాళ్ళ తీగలకనే చేసిన గుండ్రటి పాత అయస్కాంతం బిళ్ళ, పక్కన చిన్న చక్రం.

"ముందే ఇవ్వాల్సింది. నువ్వు పేరు చెప్పి ఉంటే మొదటిరోజే ఇచ్చేవాణ్ణి. ఇదే రకం నేను ఒకప్పుడు మీ..."

కేకెల్ గట్టిగా దగ్గాడు. ఓబ్రెక్ట్ మా మధ్య బతికిన మనిషి. నోరు మూసుకున్నాడు.

బల్బులు వేడెక్కాయి. లారో ఒక్క వరస వాయించాడు. సన్నతీగ కేక వెయ్యలేదు, లావుతీగ గొణగలేదు. కొట్టిన చోట కొట్టినట్టు, ఆ తర్వాత కొంచెం బొంగురుగా, మనిషి పొద్దున్నే నిద్రలేచి మాట్లాడినట్టు. లారో ఆగిపోయాడు. మళ్ళీ వాయించాడు. నవ్వడం మొదలెట్టాడు. వసంతమంతా నవ్వని మొహం అది.

"బావా! విన్నావా?"

కేకెల్ అప్పటికే తలుపు దగ్గరున్నాడు. "సిగరెట్ కాల్చుకోవాలి."

"బాగాలేదా?"

"బాగుంది. బాగుండటమే..."

"బాగుండటమే ఏంటి?"

కేకెల్ టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. పేరెత్తకుండా ఆ మాట ఎలా చెప్తాడు? "ఏం లేదు. తీసుకో," అన్నాడు, బయటికి పోయాడు.

లారోకి తెలిసిందా అని నన్నడక్కండి. ఏళ్ళ తరబడి ఆ ధ్వని వెనక కూచున్నవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? కానీ మనిషి తనకి అక్కర్లేంది తెలుసుకోడు. వెర్రిమొహం, డబ్బా దొరికిందని ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

శనివారం మధ్యాహ్నం. బళ్ళ మధ్య ఖాళీలో ఎండ బాగుంది. రోజెట్ బట్టలు ఆరేస్తోంది. మీత్సా తలుపు మూసుకుని పిండి కలుపుకుంటోంది. లారో కిటికీలోంచి కరెంటు తీగ లాగి డబ్బా పెట్టాడు, ఈసారి మొహం తల్లి బండి వైపు. కేకెల్ తన గిటారు పట్టుకొచ్చి పక్కన కూచున్నాడు. అతనూ ఏం చేస్తాడు, తాళం ఎవరో ఒకరు కొట్టాలిగా.

లారో మొదలెట్టాడు. రెండు వరసలు దాటేలోపు చుట్టుపక్కల మాటలన్నీ ఆగిపోయాయి. రోజెట్ తడి చొక్కా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అవతల బండి కింద పడుకున్న ముసలి మావయ్య ఒకాయన లేచి కూచుని శిలువ గుర్తు వేసుకున్నాడు.

మీత్సా బండి తలుపు దఢాలున తెరుచుకుంది. ఆవిడ పరిగెత్తుకుంటూ వచ్చింది. కాళ్ళకి చెప్పుల్లేవు, చేతులు మోచేతులదాకా పిండి. ఆ మొహం! ఆవిడ మొహం అలా వెలగడం ఆ చావు తర్వాత ఎవరూ చూళ్ళేదు. మెట్లు దిగి, బట్టల తాడు దాటి, నాలుగడుగుల దూరంలో ఆగింది. గిటారు ఎవరి చేతిలో ఉందో చూసింది.

"నువ్వా?" అంది.

లారో చెయ్యి తీగల మీదే ఆగిపోయింది. "నేనేనమ్మా. ఇంకెవరుంటారు?"

ఆవిడ మొహంలో వెలుగు ఎలా వచ్చిందో అలాగే పోయింది. పక్కనున్న ద్రాక్షపళ్ళ పెట్టె ఒకటి తిరగేసి, దాని మీద లారోకి వీపు పెట్టి కూచుంది. కళ్ళు మూసుకుంది.

"వాయించు," అంది.

లారో వాయించాడు. ఇన్నాళ్ళూ దీనికోసమేగా ఏడ్చింది? తల్లి వచ్చింది, కూచుంది, వింటోంది. తనకి బాగా వచ్చిన పాట ఎత్తుకున్నాడు. సగం కాకముందే మీత్సా తల అడ్డంగా ఊపింది.

"అది కాదు. ఆ వాల్ట్జ్. చివర్లో పైకి పోయి మళ్ళీ వెనక్కి వచ్చేది."

అది ఎవరి పాటో అక్కడ అందరికీ తెలుసు. కేకెల్ తన గిటారు కింద పెట్టేశాడు. "అత్తా, తప్పు. అది వాయించకూడదు."

"నువ్వు నోర్ముయ్యి."

"అత్తా..."

"నిన్ను వాయించమన్నానా? నా కొడుకుని అడుగుతున్నాను."

కేకెల్ లేచి వెళ్ళిపోయాడు. ఒక్కొక్కరే లేచి బళ్ళలోకి పోయి తలుపులు వేసుకున్నారు. వినకూడనిది వినకుండా ఉండటానికి తలుపు ఒక్కటే దారి. ఖాళీలో మిగిలింది తల్లీ, కొడుకూ, తడి చొక్కాతో రోజెట్.

లారో ఆ వాల్ట్జ్ వాయించాడు. నేర్చుకోనక్కర్లేదు, అన్న వెనక కూచుని వందలసార్లు తాళం వేసిన పాట అది. డబ్బా అచ్చం అలాగే పలికింది. మీత్సా వీపు మెల్లిగా ఊగుతోంది. పెదవులు కదులుతున్నాయి. ఎవరితో మాట్లాడుతోందో, ఎవరితో మాట్లాడట్లేదో లారోకి వీపు చూస్తేనే తెలిసిపోయింది. వసంతమంతా అయస్కాంతాలూ, పట్టీలూ, మైకులూ పట్టుకుని తిరిగి, జనం చేత నవ్వించుకుని, చివరికి తను చేసింది ఇదా? ముందు కుర్చీ దాకా వచ్చిన తనే మళ్ళీ వెనక కుర్చీలోకి పోయాడు. ఈసారి తాళం కూడా మిగల్లేదు.

చివరి వరస పైకి పోయే చోట ఆపేశాడు.

"ఆపావేం?" అంది మీత్సా కళ్ళు తెరవకుండా. "ఆపకు. పోనీ. పైకి పోనీ."

"పోడు! పైకి పోడు, వెనక్కి రాడు!" లారో లేచి నిలబడ్డాడు. "చచ్చిపోయాడమ్మా! వాడు చచ్చిపోయాడు!"

అని, పేరు పెట్టి అరిచాడు. అన్న పేరు. పూర్తి పేరు, మేం పిలుచుకునే పేరు, రెండూ. మూసిన తలుపుల వెనక అందరికీ వినపడింది. ఎక్కడో ఒక బండిలో ఎవరో ఆడమనిషి "అయ్యో దేవుడా" అంది. రోజెట్ చేతిలో చొక్కా మట్టిలో పడింది. ఆ పేరు నేను మాత్రం ఇప్పుడూ చెప్పను.

"వాడు చచ్చిపోయాడు, నేనున్నాను! ఇది నేను వాయిస్తున్నది! నా వేళ్ళు ఇవి!"

మీత్సా లేచి వచ్చి లారోని చెంప మీద కొట్టింది. పిండి చెయ్యి. చెంప మీద తెల్లగా అచ్చు పడింది. ఆవిడ ఆ అచ్చు వంక చూస్తూ నిలబడిపోయింది. ఆ తర్వాత ఏడిచింది. శ్మశానంలో ఏడవని మనిషి, బండి తగలబెట్టిన రోజు కూడా ఏడవని మనిషి, అక్కడ నిలబడి, చేతులతో మొహం కూడా దాచుకోకుండా, నోరు తెరిచి ఏడిచింది. లారో కదల్లేదు. రోజెట్ ఒక అడుగు వేసి ఆగిపోయింది.

ఏడుపు అయ్యాక మీత్సా గౌను అంచుతో ముక్కు తుడుచుకుంది. డబ్బా ఇంకా సన్నగా గుయ్యిమంటోంది.

"దాని నోరు ముయ్యి," అంది.

లారో మీట నొక్కాడు. బల్బులు ఆరిపోయాయి.

"వాయించు."

"ఏది వాయించను?" లారో గొంతులో కోపం ఇంకా అలాగే ఉంది. "వినపడదన్నావుగా."

"నాకు చెవుడని ఎవరు చెప్పార్రా నీకు?" ఆవిడ పెట్టె ఈడ్చుకుని దగ్గరికి జరిగింది. మోకాలు మోకాలికి తగిలేంత దగ్గరికి. ఈసారి మొహం అతని వైపు. "నీది వాయించు. పొద్దున్నే బండి వెనక కూచుని వాయిస్తావే, అది."

లారో తల్లి వంక చూశాడు. ఆ పాట అతను కట్టుకున్నది, కిందటి చలికాలం. ఎవరికీ వినిపించలేదు. పిల్లలు లేవకముందు, బండి వెనక, కోటు కప్పుకుని, వేళ్ళ చివర్లతో వాయించుకునేవాడు. ఎవరికీ వినపడదనుకున్నాడు.

మొదలెట్టాడు. డబ్బా లేదు, బిళ్ళ లేదు. రెండు వరసలు సాఫీగా పోయాయి. మూడో వరసలో మలుపు తిరిగే చోట మీత్సా అతని మోకాలి మీద చరిచింది.

"అదిగో. అక్కడ."

"ఏమైంది?"

"అక్కడ ఎప్పుడూ పరిగెత్తుతావు. చలికాలం అంతా విన్నాను, ఒక్కరోజు కూడా ఆగలేదు. పొద్దున్నే దుప్పటిలో పడుకుని, ఇవాళైనా ఆగుతాడేమో అని చూస్తాను. ఆగవు." ఆవిడ కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి, గొంతు మాత్రం ఎప్పట్లా విసుక్కుంటోంది. "ఎవర్రా నిన్ను తరుముతున్నది?"

లారో చెంప ఇంకా మండుతోంది.

"మొదట్నుంచి," అంది మీత్సా.

అతను మొదట్నుంచి ఎత్తుకున్నాడు.